నొప్పి ఉండదని పిల్లలకు చెప్పకండి

పోయిన ఆదివారం పాలకొల్లులో ఓణీల ఫంక్షన్‌కి వెళ్ళాం. భోజనాల దగ్గర మా స్కూల్లో పనిచేసే టీచరు ఒకావిడ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చి మా పక్కన కూర్చుంది. అబ్బాయి ఎనిమిదో తరగతి. పై పళ్ళు బాగా ఎత్తు, పెదాలు పూర్తిగా కలవవు. "వీడికి క్లిప్పులు వేయిద్దామనుకుంటున్నాం మేడం. మీ అమ్మాయికి వేయించారుగా, ఎలా ఉంటుందో కాస్త చెప్పండి. వీడు భయపడుతున్నాడు" అంది. నేను జవాబు చెప్పేలోపే ఆవిడే కొడుకు వైపు తిరిగి, "ఏమీ ఉండదురా, చీమ కుట్టినట్టు ఉంటుంది అంతే. కదండీ మేడం?" అంది.

నేను తలూపాను. అలవాటుగా ఊపేశాను.

అప్పటిదాకా తలొంచుకుని తింటున్న మా అమ్మాయి, "నొప్పి ఉంటుంది" అంది. "మొదటి నాలుగు రోజులు బాగా ఉంటుంది. అన్నం నమలలేవు. తర్వాత తగ్గిపోతుంది. వైరు మార్చినప్పుడల్లా మళ్ళీ ఒకటి రెండు రోజులు ఉంటుంది. ఓర్చుకోవచ్చు."

వాళ్ళమ్మ ముఖం చిన్నబోయింది. అబ్బాయి మాత్రం కుర్చీ ఇటు జరుపుకున్నాడు. పళ్ళు పీకుతారా అక్కా, స్కూల్లో నవ్వుతారా, మాట్లాడటం వస్తుందా, జంతికలు తినకూడదా. పెరుగన్నం అయ్యేదాకా అడుగుతూనే ఉన్నాడు. ఒక్క ప్రశ్న కూడా వాళ్ళమ్మనిగానీ నన్నుగానీ అడగలేదు.

తిరిగి వస్తుంటే, చించినాడ వంతెన ఎక్కాక, మా అమ్మాయి మెల్లగా అంది: "అమ్మా, నువ్వు నాకు కూడా అలాగే చెప్పావు." గొంతులో కోపం లేదు. కింద వశిష్ఠ గోదారి నిండుగా ఉంది, తను కిటికీలోంచి అటే చూస్తోంది. ఇంటికి చేరేదాకా నేనేమీ మాట్లాడలేకపోయాను. ఆ మాట వల్లే ఇదంతా రాస్తున్నాను.

డాక్టరమ్మ ఎవరిని అడిగిందంటే

మా అమ్మాయివి నా పళ్ళే. పై వరస ముందుకొచ్చి ఉండేది, కింద వరస ఇరుకై ఒకదాని మీదకి ఒకటి ఎక్కి ఉండేది. ఆరో తరగతిలోనే నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. నా చిన్నప్పుడు నేనూ అలాగే చేసేదాన్ని కాబట్టి నాకు వెంటనే తెలిసింది. కానీ ఆసుపత్రికి తీసుకెళ్ళింది అందుకోసం కాదు. రాజోలులో ఒక పెళ్ళిలో మా అత్తగారి తరఫు పెద్దావిడ ఒకరు, "పిల్ల బంగారంలా ఉంది, ఆ పళ్ళొక్కటీ సరిచేయించండి, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇబ్బంది ఉండదు" అన్నారు. పిల్ల అక్కడే నిలబడి ఉంది. దానికప్పుడు పదమూడేళ్ళు. పక్కనే మా బావగారబ్బాయి కూడా ఉన్నాడు. వాడివీ అవే పళ్ళు, ఇంకాస్త ఎత్తు కూడా. వాడిని ఎవరూ ఏమీ అనలేదు.

ఆ మాటకి అక్కడే ఎదురు చెప్పాల్సింది. చెప్పకపోగా ఆ రాత్రే మా ఆయనతో క్లిప్పుల సంగతి ఎత్తాను. ఇప్పటికీ నన్ను బాధపెట్టే విషయం ఇది. వైద్యం మంచిదే కావచ్చు, కానీ అది నా కూతురి నోట్లోకి అడుగుపెట్టింది పెళ్ళి మాటతో. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు "నీ కోసమే కదా" అన్నా తనకి ఆ పెళ్ళి మాటే గుర్తుండి ఉంటుంది.

భీమవరం వెళ్ళాం. రెండు ఎక్స్‌రేలు తీశారు. ఒకటి మొత్తం దవడంతా కనిపించేది, ఇంకొకటి ముఖానికి పక్కనుంచి తీసేది. తర్వాత ట్రేలో మెత్తటి ముద్దలాంటిది పెట్టి పళ్ళ అచ్చు తీసుకున్నారు. అది గొంతు దాకా జారి వాంతి వచ్చినంత పనైతే, ముక్కుతో గాలి పీల్చమని పక్కనున్న అసిస్టెంటు భుజం పట్టుకుంది. అదంతా అయ్యాక డాక్టరమ్మ మా ఇద్దరినీ వదిలేసి పిల్లనే అడిగింది. "ఏమ్మా, నీకు ఇష్టమేనా?"

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను "ఇష్టమేనండి" అన్నాను.

డాక్టరమ్మ కాసేపాగి, మళ్ళీ దాన్నే అడిగింది. ఈసారి అది తలూపింది. ఆ తలూపడంలో నా మీద నమ్మకం ఉంది, ఇష్టం ఉందో లేదో నాకు తెలియదు. అప్పుడు తెలుసుకోవాలనీ అనుకోలేదు. బయటికి వచ్చాక, "నొప్పి ఉంటుందా అమ్మా?" అని అడిగింది. "ఏమీ ఉండదు తల్లీ, ఇప్పుడన్నీ కొత్త పద్ధతులు వచ్చాయి" అన్నాను. నాకేమీ తెలియకుండానే అన్నాను. అది కంగారుపడితే నేను చూడలేను, అందుకని.

నాలుగు మంచి పళ్ళు

పళ్ళు పీకాలన్న సంగతి మాకు ముందే తెలుసు. దవడలో చోటు లేదు, పైన రెండు, కింద రెండు తీస్తేగానీ మిగతావి వెనక్కి రావని డాక్టరమ్మ వివరంగా చెప్పింది. కోరపన్ను వెనకాల ఉండే చిన్న దవడపళ్ళు అవి. అందరికీ తీయరు. చోటు ఉంటే అవసరమే రాదు. అది ఎక్స్‌రే చూసి, అచ్చులు కొలిచి తేల్చే విషయం. మేము మాత్రం ఈ సంగతి పిల్లకి చెప్పకుండా దాచాం. చెబితే రానంటుందని భయం. కుర్చీలో కూర్చున్నాక మత్తు సూది చూసి, "ఎందుకమ్మా?" అని అడిగింది. అప్పుడు చెప్పాను.

ఏడవలేదు. "నా పళ్ళు పుచ్చలేదుగా?" అంది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి డాక్టరమ్మ పని ఆపేసి, తన ప్లాస్టర్ అచ్చు తెప్పించి చేతికిచ్చింది. కింద పళ్ళు ఎలా ఇరుక్కున్నాయో వేలితో తడిమి చూడమంది. ఒక్కోదాన్నీ ఎటు జరపాలో పెన్సిల్‌తో గీసి చూపించింది. అయిదు నిమిషాలు పట్టింది. ఆ అయిదు నిమిషాల తర్వాత మా అమ్మాయి తనంతట తనే నోరు తెరిచింది. ఆ రోజు ఒక పక్కవి రెండు తీశారు, వారం తర్వాత రెండో పక్కవి రెండు. రెండోసారి నేను బయటే కూర్చున్నాను, లోపలికి ఒక్కతే వెళ్ళింది. దాచిపెట్టి మేము ఏం సాధించామో నాకు అర్థం కాలేదు.

తర్వాత వెనక దవడపళ్ళ సందుల్లో చిన్న రబ్బరు రింగులు పెట్టారు. దవడపంటి చుట్టూ లోహపు కట్టు వేయడానికి చోటు కావాలట. మాంసం పీచు పళ్ళ మధ్య ఇరుక్కుని ఎంతకీ రానట్టు ఉంటుందని మా అమ్మాయి చెప్పింది. ఆ తర్వాత అసలు క్లిప్పులు. వేసేటప్పుడు నిజంగానే నొప్పి లేదు. పంటి మీద పుల్లటి జెల్ ఏదో రాసి, కడిగి, వైరుని పట్టి ఉంచే చిన్న ముక్కలు, బ్రాకెట్లంటారు, అవి అంటించి నీలం లైటు వేశారు. వైరు బిగించారు. గంటన్నర నోరు తెరుచుకుని ఉండటమే కష్టం. బయటికి వస్తూ నవ్వింది. "చూశావా, నేను చెప్పానా?" అన్నాను. వీరవాసరం దగ్గర ఆగి కొబ్బరినీళ్ళు కూడా తాగాం.

నొప్పి ఆ రాత్రి మొదలైంది. వైరు లాగడం మొదలుపెట్టిన కొన్ని గంటలకి గానీ తెలియదు. మర్నాటికి ఎక్కువవుతుంది. పళ్ళన్నీ వదులైనట్టు ఉంటుంది, ఒకదానికొకటి తగిలితే చాలు ప్రాణం పోతుంది. పెరుగన్నం మెత్తగా పిసికి పెడితే రెండు ముద్దలు మింగి పక్కకి తోసేసింది. డాక్టరమ్మ రాసిచ్చిన పారాసిటమాల్ వేశాం. మూడో రోజు ముద్దపప్పు అన్నం, నాలుగో రోజు పాలలో నానబెట్టిన ఇడ్లీ. ఆ తర్వాత నొప్పి తగ్గింది గానీ బ్రాకెట్లు ఒరుసుకుని బుగ్గల లోపల పుళ్ళు పడ్డాయి. దానికి ఆసుపత్రిలోనే మైనంలాంటిది ఇస్తారు, చిన్న ఉండ చేసి గుచ్చుకునే చోట అంటించుకోవాలి. ఉప్పునీళ్ళు పుక్కిలించాలి. రెండు మూడు వారాలకి బుగ్గ అలవాటు పడుతుంది. ఇదంతా మామూలే, భయపడాల్సింది లేదు. కానీ మా అమ్మాయికి ఇదంతా మామూలేనని ముందు ఎవరూ చెప్పలేదు. రెండో రాత్రి తను నన్ను అడిగింది: "అమ్మా, నాకేమైనా తప్పుగా వేశారా? నొప్పి ఉండదన్నావుగా?"

నేను చెప్పిన అబద్ధం ఎంత పని చేసిందో అప్పుడు చూశాను. ఉండాల్సిన నొప్పే ఉన్నా, తనకేదో జరగరానిది జరిగిందని ఆ పిల్ల రెండు రోజులు భయపడింది. నిజం చెప్పి ఉంటే నొప్పి ఒక్కటే ఉండేది, ఆ భయం ఉండేది కాదు.

సంక్రాంతికి విరిగిన బ్రాకెట్

ఆ సంక్రాంతికి మా అత్తగారు మనవరాలి కోసం ప్రత్యేకంగా మెత్తటివే చేశారు. చలిమిడి, పాకుండలు, పొంగలి. ఆత్రేయపురం పూతరేకులు తెప్పించారు, నోట్లో వేసుకుంటే కరిగిపోతాయి కాబట్టి బ్రాకెట్లకి ఏమీ కాదు. కాకపోతే తిన్నాక వెంటనే తోముకోవాలి. తాండ్ర మాత్రం ముట్టకూడదు, అతుక్కుని వైరుని లాగేస్తుంది. చెరకు, జంతికలు, వేరుశనగ అచ్చు వద్దు. జామకాయని కొరకకూడదు, సన్నగా ముక్కలు కోసుకుని వెనక పళ్ళతో నమలాలి. పండగ రోజుల్లో ఇల్లంతా కరకర నములుతుంటే ఒక పదమూడేళ్ళ పిల్ల చలిమిడి గిన్నెతో కూర్చోవడం చిన్న విషయం కాదని పెద్దవాళ్ళం గుర్తుంచుకోవాలి.

కనుమ నాడు ప్రభల తీర్థం చూసి వచ్చాక ఎప్పుడో ఒక జంతిక తింది. పక్క పంటి మీది బ్రాకెట్ ఊడిపోయి వైరుకి వేలాడింది. ఈ సంగతి నాకు తెలిసింది పదకొండు రోజుల తర్వాత, నెలవారీ చెకప్‌లో. అన్ని రోజులూ నాలుకతో దాన్ని సర్దుకుంటూ, నా ముందు నవ్వకుండా తిరిగింది. ఎందుకు చెప్పలేదని అడిగితే, "డబ్బులు దండగ అంటావని" అంది.

అన్నాను, నిజమే. మొదటి నెలలో ఒకసారి వైరు కొస గుచ్చుకుంటోందంటే, "నలభై అయిదు వేలు పోసి వేయించింది ఇందుకా, జాగ్రత్తగా ఉండు" అని విసుక్కున్నాను. ఆ ఒక్క విసుగు చాలు, ఆ తర్వాత పిల్ల నోట్లో ఏం జరుగుతున్నా నా దాకా రాలేదు. ఊడిన బ్రాకెట్ మళ్ళీ అంటించడం పావుగంట పని. కానీ అన్నాళ్ళూ ఆ పన్ను మీద లాగే బలం లేక వెనకబడిపోయింది. మళ్ళీ పాత సన్నటి వైరు వేసి మొదలుపెట్టాల్సి వచ్చింది. దాదాపు రెండు నెలలు పోయాయి.

ఇంటర్నెట్‌లో చూస్తే క్లిప్పుల గురించి సలహాలు బోలెడు కనిపిస్తాయి. ఏ బ్రష్ కొనాలి, ఏం తినాలి, ఎన్నాళ్ళు. అన్నీ పనికొచ్చేవే. కానీ వాటి కంటే ముందు కావాల్సింది ఒకటుంది: ఏదైనా విరిగితే ఆ రోజే వచ్చి చెప్పగలిగే ధైర్యం పిల్లకి ఇంట్లో ఉందా? అది లేకపోతే ఎంత మంచి డాక్టరుకైనా నెలకి ఒక్కసారే చూసే వీలుంటుంది, మిగతా ఇరవై తొమ్మిది రోజులూ ఏం జరుగుతుందో తెలియదు.

గోదారి చేసే పనే

ఒక రోజు తను డాక్టరమ్మని అడిగింది, పన్ను ఎముకలో దిగి ఉంటుంది కదా, ఎలా కదులుతుందని. ఆవిడ చెప్పినదాన్ని ఇంటికొచ్చి మాకు చెప్పింది. పన్నుని ఒకవైపు నొక్కుతూ ఉంటే ఆ వైపు ఎముక కొద్దికొద్దిగా కరుగుతుందట, వదిలి వచ్చిన వైపు కొత్త ఎముక పడుతుందట. "అంటే గోదారిలా అన్నమాట" అంది. మా పుట్టిల్లు గోదారి మధ్య లంకలో. అక్కడ ఏటి ఒడ్డు ఒకవైపు కోసుకుపోవడం, అవతల మేట వేయడం తను చిన్నప్పటి నుంచీ చూసింది. అందుకే తొందరపెట్టి గట్టిగా లాగితే కుదరదు, నెల నెలా కొంచెం కొంచెంగానే జరపాలి అని తనే మాకు చెప్పింది. అంతకుముందు నెల వరకూ "ఇంకా ఎన్నాళ్ళు?" అని అడిగిన పిల్ల ఆ తర్వాత అడగలేదు.

మొదట్లో వేసే సన్నటి వైరు నికెల్, టైటానియం కలిపిన లోహం. ఎంత వంచినా తన మొదటి ఆకారానికి తిరిగి రావాలని చూస్తుంది, ఆ తిరిగి రావడంతోనే పళ్ళని లాగుతుంది. 1960ల ప్రాంతంలో అమెరికా నౌకాదళం ప్రయోగశాలలో బయటపడిన లోహం, దాని పేరు నైటినాల్‌లో ఆ ప్రయోగశాల పేరు కూడా ఉందట. ఇవన్నీ తనే వెతికి తెలుసుకుంది. క్లాసులో పిల్లలు "ఇనప పళ్ళు" అని వెక్కిరిస్తే, "ఇనుము కాదు" అని ఈ కథంతా చెప్పిందట. సైన్సు మాస్టారు మళ్ళీ తనతో చెప్పించారట. వెక్కిరింతలు పూర్తిగా ఆగాయని చెప్పను. కానీ ఆ రోజు ఇంటికి వచ్చినప్పుడు పిల్ల ముఖం నాకు గుర్తుంది.

రబ్బర్ బ్యాండ్ల దశ వచ్చేసరికి ఈ తెలుసుకోవడం ఎంత ముఖ్యమో అర్థమైంది. పై కోరపంటి నుంచి కింద వెనక దవడపంటికి చిన్న రబ్బరు తగిలించుకోవాలి. తినేటప్పుడు, తోముకునేటప్పుడు తప్ప రోజంతా, రాత్రి నిద్రలో కూడా. రోజూ కొత్తవి మార్చాలి, సాగిపోయాక వాటికి బలం ఉండదు. ఇది డాక్టరు చేసేది కాదు, మేము చేసేదీ కాదు. నోరు తెరిచి మాట్లాడితే రబ్బర్లు కనిపిస్తాయని మొదటి నెల స్కూల్లో తీసేసేది. మర్నెల డాక్టరమ్మ పళ్ళు కలిపి చూసి, "రాత్రి పూటే పెట్టుకుంటున్నావు కదూ" అంది. తిట్టలేదు. ఎంత జరగాలో, ఎంత జరిగిందో స్కేలు పెట్టి చూపించింది. ఆ తర్వాత రబ్బర్ల ప్యాకెట్ పెన్సిల్ బాక్స్‌లోకి చేరింది, మధ్యాహ్న భోజనం అవగానే తనే పెట్టుకునేది.

అడిగితే వద్దంటారు కదా

మా ఆయన నాతో ఏకీభవించరు. "పదమూడేళ్ళ పిల్లకి ఏం తెలుసు? టీకాలు వేయించేటప్పుడు అడిగామా? నిజాలన్నీ ముందే చెబితే ఏ పిల్లా ఒప్పుకోదు. తర్వాత పాతికేళ్ళొచ్చాక, చిన్నప్పుడే ఎందుకు చేయించలేదని మననే అంటారు" అంటారు. ఇందులో నిజం ఉంది. నేను చాలా రోజులు ఆలోచించాను.

టీకాకి పిల్ల ఒక్క నిమిషం కదలకుండా కూర్చుంటే చాలు. ఇది రెండేళ్ళ పైన పని, రోజుకి మూడుసార్లు తోమడం, వైరు కింద నుంచి చిన్న బ్రష్ పోనివ్వడం, రబ్బర్లు, తిండి. ఒక్క రోజు కూడా మనం వాళ్ళ తరఫున చేసిపెట్టలేం. మనసులో ఒప్పుకోని పిల్ల బ్రష్ చేయదు. తోమకపోతే బ్రాకెట్ చుట్టూ పాచి చేరి, క్లిప్పులు తీశాక పళ్ళ మీద తెల్లటి మచ్చలు మిగులుతాయి. వరస తీరుగా వచ్చినా మచ్చలు అంత తేలిగ్గా పోవు. క్లిప్పులు వేయించుకుంటే పళ్ళు పుచ్చవని మనలో చాలామంది అనుకుంటారు. వేసుకున్నన్నాళ్ళూ నిజానికి పుచ్చే ప్రమాదం ఎక్కువే.

అసలు అవసరమా అన్న అనుమానం కూడా నాకు పూర్తిగా తీరలేదు. మా అత్తగారివీ ఎత్తుపళ్ళే. "ఈ పళ్ళతోనే చెరకు చీల్చాను, ముగ్గురు పిల్లల్ని పెంచాను, నాకేం తక్కువైంది?" అని అడిగారు. నేను ఆ ప్రశ్నని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ దాటవేయలేదు. నమలడానికి వచ్చిన ఇబ్బందేమీ లేదంది. ముందుకొచ్చిన పళ్ళు పడినప్పుడో, దెబ్బ తగిలినప్పుడో విరిగే ప్రమాదం ఎక్కువ, ఇరుకు పళ్ళు శుభ్రం చేసుకోవడం కష్టం. మిగతాదంతా కనబడే తీరు. అది కూడా పిల్లకి ముఖ్యమైతే ముఖ్యమే, కానీ ముఖ్యమో కాదో చెప్పాల్సింది పిల్ల అంది.

అందుకే నా అభిప్రాయం ఇలా స్థిరపడింది. వేయించాలా వద్దా అన్నది పూర్తిగా పిల్ల చేతిలో పెట్టమని అనను. ఎప్పుడు అన్నది మాత్రం పెట్టొచ్చు. డాక్టరుని అడగాల్సిన మొదటి ప్రశ్న ఎంతవుతుంది అని కాదు, "ఏడాది ఆగితే ఏమవుతుంది?" అని. కొన్ని ఆగకూడనివి ఉంటాయి. కింది దవడ వెనకబడి ఉంటే, ఎదిగే వయసులోనే దాన్ని సరిచేసే వీలు ఉంటుంది. పన్ను చిగుళ్ళ లోపలే అడ్డంగా ఇరుక్కుపోయి ఉంటే ఆలస్యం చేయకూడదు. అలాంటివి కాకుండా వరస తప్పిన పళ్ళే అయితే, ఆరు నెలలకో ఏడాదికో కొంప మునగదు. పెద్దయ్యాక కూడా క్లిప్పులతో పళ్ళని జరపొచ్చు. ఈలోపు పిల్ల తనంతట తనే అద్దంలో చూసుకుని వచ్చి అడగొచ్చు. అలా అడిగిన పిల్ల రబ్బర్లు పెట్టుకుంటుంది.

అయితే ఆగడానికి మన వైపు ఒక పెద్ద చిక్కు ఉంది. పదో తరగతి అవగానే పిల్లల్ని ఇంటర్ హాస్టళ్ళకి పంపేస్తాం. అక్కడ నెలకోసారి పళ్ళ డాక్టరు దగ్గరికి ఎవరు పంపుతారు? మా అక్క కొడుక్కి పదో తరగతి చివర్లో క్లిప్పులు వేయించి హాస్టల్లో చేర్చారు. నాలుగు వారాలకి వెళ్ళాల్సినవాడు పండగలకే ఇంటికి వచ్చాడు. ఆ హాస్టల్లో పొద్దున్నే అయిదింటికి స్టడీ అవర్, బ్రష్‌కి రెండు నిమిషాలు. రెండేళ్ళలో అయిపోవాల్సింది నాలుగేళ్ళు ఉంది. తీసేటప్పటికి ముందు పళ్ళన్నిటి మీదా తెల్ల మచ్చలు. మధ్యలో ఊరు మారి డాక్టరు మారితే, కొత్త డాక్టరు మొదలెట్టిన పని అందుకోవడానికి వెనకాడతారు, డబ్బూ మళ్ళీ మొదటికొస్తుంది. కాబట్టి ఎనిమిదిలోనో, తొమ్మిది మొదట్లోనో వేయించండి. లేదంటే ఇంటర్ ఎక్కడ చదివిస్తారో అక్కడే చూపించి, బయటికి పంపుతామని కాలేజీ వాళ్ళతో ముందే మాట్లాడుకోండి. ఈ రెండూ కుదరకపోతే ఆగడమే మేలు.

ఇంకొక మాట. వేసేవాళ్ళు పళ్ళు సరిచేసే పనిలోనే మూడేళ్ళు ఎమ్‌డీఎస్, అంటే పళ్ళ డాక్టర్ల పీజీ, చేసినవాళ్ళా అని అడిగి తెలుసుకోండి. చిన్న పట్టణాల్లో క్లినిక్ ఒకరిదై ఉంటుంది, స్పెషలిస్టు నెలకి ఒకటి రెండు రోజులు వచ్చి వెళ్తుంటారు. అందులో తప్పు లేదు, మధ్యలో బ్రాకెట్ ఊడితే ఎవరు చూస్తారో ముందే అడగాలి. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళు భీమవరంలో విష్ణు, రాజమండ్రిలో జీఎస్ఎల్ లాంటి డెంటల్ కాలేజీల్లో కనుక్కోవచ్చు. ప్రొఫెసర్ల పర్యవేక్షణలో పీజీ చదివేవాళ్ళు చేస్తారు. ఒక్కో విజిట్‌కి ఎక్కువసేపు పడుతుంది, అంతే.

తీసేశాక

ఇరవై ఆరు నెలలకి క్లిప్పులు తీశారు. ఆ రోజు మా అమ్మాయి నాలుకతో పళ్ళు తడుముకుంటూనే ఉంది, జారిపోతున్నాయమ్మా అంటూ. నేను అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఏ తల్లిదండ్రులైనా అలాగే అనుకుంటారు. డాక్టరమ్మ మాత్రం మొదటి రోజే చెప్పింది, అసలు పరీక్ష తీశాకే అని. నేను వినలేదు, మా అమ్మాయి విన్నది. పళ్ళ చుట్టూ ఉన్న ఎముకా, పీచులూ కొత్త చోట కుదురుకోవడానికి చాలా నెలలు పడుతుంది. పట్టి ఉంచకపోతే పళ్ళు పాత దారికే వెళ్తాయి. అందుకే రిటైనర్, అంటే పళ్ళని ఉన్నచోటే పట్టి ఉంచే, తీసి పెట్టుకునే అమరిక. మొదటి నెలల్లో తినేటప్పుడు తప్ప రోజంతా, ఆ తర్వాత రాత్రిపూట, ఏళ్ళ తరబడి. వరస అలాగే ఉండాలనుకున్నన్నాళ్ళూ పెట్టుకోవాల్సిందే.

తీసిన మూడు వారాలకి ఒక గృహప్రవేశంలో భోజనాల దగ్గర రిటైనర్ తీసి టిష్యూలో చుట్టి ఆకు పక్కన పెట్టింది. ఆకులు ఎత్తేసేవాళ్ళు దాన్ని కూడా ఎత్తేశారు. చేతులు కడుక్కుంటుండగా గుర్తొచ్చింది. పరుగెత్తుకుంటూ నా దగ్గరికే వచ్చింది. "అమ్మా, రిటైనర్ పోయింది, ఆకుల్లో ఉంటుంది" అంది. ముఖంలో కంగారు ఉంది గానీ నన్ను చూసి భయపడటం లేదు. మా ఆయనా, నేనూ, వంటవాళ్ళ కుర్రాడు ఒకడూ కలిసి పెరట్లో కుప్పగా వేసిన ఎంగిలాకులు ఒక్కొక్కటీ విప్పి చూశాం. సాంబారు, పెరుగు, చేతులు మోచేతుల దాకా. అరగంటకి దొరికింది. కొత్తది చేయించాలంటే మళ్ళీ అచ్చులు, మళ్ళీ డబ్బు, అన్నిటికంటే మళ్ళీ పది రోజులు రిటైనర్ లేకుండా ఉండాలి. కానీ ఆ పెరట్లో ఆకులు విప్పుతున్నప్పుడు నాకు కలిగింది సంతోషమే. జంతికకి ఊడిన బ్రాకెట్‌ని పదకొండు రోజులు దాచిన పిల్ల, ఈసారి పదకొండు నిమిషాలు కూడా ఆగలేదు.

ఇవాళ పొద్దున ఆ టీచరుగారు ఫోన్ చేశారు. అబ్బాయి వేయించుకుంటానన్నాడట, కానీ పండగ అయ్యాకేనట. "మూడు నెలలు ఆగాలంటాడు మేడం, మీ అమ్మాయి ఏం చెప్పిందో ఏమో" అన్నారు. ఆవిడకి కోపం ఇంకా తగ్గలేదు. ఆగితే ఏమైనా నష్టమా అని డాక్టరునే అడగమన్నాను. శనివారం ఎక్స్‌రేకి వెళ్తున్నారట. ఫోన్ పెట్టేసే ముందు వెనక నుంచి అబ్బాయి గొంతు వినిపించింది. అక్క పళ్ళ అచ్చు ఉందన్నారు, అది ఒకసారి చూడొచ్చా అని.

క్లిప్పులు తీసిన రోజు డాక్టరమ్మ ఆ ప్లాస్టర్ అచ్చులు రెండూ మా అమ్మాయికే ఇచ్చేసింది, ముందుదీ తర్వాతదీ. బీరువా మీద అట్టపెట్టెలో ఉన్నాయి. ఇందాకే దించాను. మా అమ్మాయి వాటిని పాత తువ్వాలులో చుట్టి నా స్కూలు బ్యాగులో పెడుతూ, పీకిన నాలుగు పళ్ళు ఎక్కడివో వాడికి తెలియాలని మొదటి అచ్చు మీద పెన్సిల్‌తో గుర్తులు పెడుతోంది.